పేజీకి నాలుగు సెంట్లు: జిరాక్స్ కంపెనీ ఎక్కడ జారింది?

జూన్ వస్తే కర్నూలు, కడప కలెక్టరేట్ల చుట్టూ, బ్యాంకుల పక్కనా ఉండే జిరాక్స్ షాపులకు తీరిక ఉండదు. పంట రుణం రెన్యువల్‌కు వచ్చిన రైతు చేతి సంచిలో పట్టాదారు పాసుపుస్తకం, 1బి భూమి పత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం. "అన్నా, ఆధార్ ముందూ ఎనకా ఒకే పక్క కొట్టు" అంటాడు. షాపతను కార్డును గాజు మీద ఓసారి పెట్టి, తిరగేసి మళ్లీ పెడతాడు. ఆ మిషన్ మీద పేరు చూస్తే చాలా చోట్ల కేనన్, క్యోసెరా, రికో లాంటి జపాన్ కంపెనీలదే.

పేజీకి 2 రూపాయలు తీసుకున్నాడనుకుందాం. 500 కాగితాల రిమ్ము 300 రూపాయలైతే కాగితానికి 60 పైసలు పోతుంది. టోనరు, డ్రమ్ము, కరెంటు, అద్దె పోగా మిగిలింది అతనిది. అమెరికాలోని జిరాక్స్ కంపెనీకి చేరేది సున్నా. ఒకప్పుడు ఆ కంపెనీ బతికిందే పేజీ లెక్క మీద.

1938 అక్టోబరు 22న న్యూయార్క్ ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ తొలి పొడి నకలు తీశాడు. అది అంగడికి రావడానికి 21 ఏళ్లు పట్టింది. 1959లో వచ్చిన జిరాక్స్ 914 మోడల్ బరువు 294 కిలోలు, నిమిషానికి 7 కాపీలు. వేడెక్కి కాగితం అంటుకుంటుందేమోనని పక్కనే చిన్న మంటలార్పే పరికరం కూడా ఇచ్చేవారు. ఈ యంత్రంలో చేయి కలపాలా అని ఐబీఎం సలహాదారులను అడిగితే, 5,000కు మించి అమ్ముడుపోవని వాళ్లు తేల్చారు. తయారైనవి 2 లక్షలు.

అంత ఖరీదైన యంత్రాన్ని ఎవరు కొంటారు? అందుకే అద్దెకిచ్చారు. నెలకు 95 డాలర్లు, 2,000 కాపీలు ఉచితం, ఆపైన కాపీకి 4 సెంట్లు. యంత్రంలోనే మీటరు. నెల మొత్తానికి సరిపోతాయనుకున్న 2,000 కాపీలు రోజుకే తీసిన ఆఫీసులున్నాయి. 25 పని దినాలకు 50,000 కాపీలు. ఉచితం పోగా 48,000కు 1,920 డాలర్లు, అద్దెతో కలిపి 2,015. అంటే 95 డాలర్ల యంత్రం 21 రెట్లు తెచ్చింది. 1968 నాటికి కంపెనీ ఏటి ఆదాయం 100 కోట్ల డాలర్లు దాటింది.

జనం ఎందుకంత ఎగబడ్డారో మన దగ్గరి లెక్క చూస్తే తెలుస్తుంది. 1820లో కడపకు వచ్చిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సి.పి.బ్రౌన్ అక్కడ బంగళా కొని, తెలుగు తాళపత్రాలను సేకరించి, పండితులకూ లేఖకులకూ సొంత డబ్బుతో జీతాలిచ్చి నకళ్లు రాయించాడు. ఒక కావ్యానికి శుద్ధప్రతి కావాలంటే మనిషి కూర్చుని రోజుల తరబడి రాయాల్సిందే. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. గుడారాల్లో ఆఫీసులు నడిచాయి, ఉద్యోగుల కోసం కట్టిన ఏ, బి, సి క్యాంపులు నేటికీ ఊరి పేటలు. ఆ ఆఫీసుల్లో నకలంటే టైపు మిషన్లో కార్బన్ పేపర్లు దోపడమే. నాలుగైదు కాపీలు దాటితే అక్షరం అలుక్కుపోతుంది. ఆరో కాపీ కావాలంటే మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. ఆ తిప్పలు తప్పించే పేజీకి 4 సెంట్లంటే అమెరికా ఆఫీసుకు లెక్కే కాదు.

పేటెంట్లు ఉన్నంత కాలం మీటరు తిరిగింది. 1975లో అమెరికా ప్రభుత్వంతో రాజీ కుదిరి, ఆ పేటెంట్లను పోటీదారులకు ఇవ్వాల్సి వచ్చింది. ప్రపంచ కాపీయర్ ఆదాయంలో 1974లో సుమారు 86 శాతం ఉన్న వాటా 1984కు 17 శాతానికి దిగింది. అయితే నెపమంతా పేటెంట్ల మీద నెట్టడం సరికాదు. జిరాక్స్‌కు ఒక మిషన్ తయారీకి అయ్యే ఖర్చుకే జపాన్ వాళ్లు మిషన్ అమ్ముతున్నారని లెక్కలు తీశాక గానీ కంపెనీకి అర్థం కాలేదు. పైగా వాళ్లు అద్దెకివ్వలేదు, అమ్మారు. మీటరు కొన్నవాడి సొంతమైంది. సెకండ్‌హ్యాండ్ మిషన్ కొని చిన్న గదిలో షాపు పెట్టుకోవడం మన ఊళ్లలో సాధ్యమైంది ఆ దారి తెరుచుకోబట్టే. భారత్‌లో 1983లో మోదీ గ్రూపుతో కలిసి పెట్టిన మోదీ జిరాక్స్ ఇంటింటా పేరు తెచ్చుకుంది గానీ, షాపులవాళ్లకు కావలసింది చౌకగా దొరికే మిషను, దొరికే విడిభాగాలు.

లేజర్ ప్రింటర్ పుట్టింది జిరాక్స్‌లోనే, గ్యారీ స్టార్క్‌వెదర్ చేతిలో. 1977లో 9700 పేరుతో పెద్ద కంపెనీలకు అమ్మారు. బల్ల మీద పట్టే చిన్నదాన్ని 1984లో హెచ్‌పీ తెచ్చింది, లోపలి యంత్రం కేనన్‌ది. మౌస్, కిటికీల తెర ఉన్న ఆల్టో కంప్యూటర్‌ను 1973లోనే చేసిన తమ పార్క్ (PARC) పరిశోధనశాలను 2023లో దానంగా ఇచ్చేశారు. ఈ కథ అందరూ చెప్పేదే, నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించేది ఖాతా పుస్తకాలు. రాబోయే ఏళ్లలో రావాల్సిన లీజు డబ్బును ముందుగానే ఆదాయంగా రాసుకున్నారు. మీటరు తిరగకముందే అంకెలు వేసుకోవడమన్నమాట. 2002లో కోటి డాలర్ల జరిమానా పడింది, 640 కోట్ల డాలర్ల ఆదాయాన్ని తిరగరాయాల్సి వచ్చింది. ప్రభుత్వ ఆర్డర్ల కోసం భారత అనుబంధ సంస్థ అక్రమ చెల్లింపులు చేసిందని కంపెనీయే ఒప్పుకున్నదీ ఆ ఏడాదే.

1999లో ఆదాయం సుమారు 1,900 కోట్ల డాలర్లు. 2011లో 2,200 కోట్లు దాటింది. చూసి కోలుకుందనుకోకండి. 2010లో 640 కోట్లకు కొన్న ఏసీఎస్ అనే సేవల కంపెనీ లెక్క అందులో కలిసింది. 2017లో ఆ వ్యాపారాన్ని కాన్‌డ్యుయెంట్ పేరుతో విడగొట్టారు. 2024 ఆదాయం 622 కోట్లు, నష్టం 132 కోట్లు.

కాగితమే తగ్గుతోంది. 2014 నుంచి కేంద్రం గెజిటెడ్ సంతకం బదులు స్వీయ ధ్రువీకరణ చాలంది. 1బి, అడంగల్ లాంటి భూమి రికార్డులు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో చూసుకోవచ్చు. 2025 జనవరి 30న వాట్సాప్‌లో రాష్ట్ర ప్రభుత్వ 'మన మిత్ర' 161 సేవలతో మొదలైంది. దరఖాస్తులు నింపడం, ఫోన్లో వచ్చిన ఫైలుకు ప్రింటు తీయడం చేస్తే షాపుకు ఇంకో ఆదాయం ఉంటుంది. జిరాక్స్ మాత్రం మళ్లీ ప్రింటర్ల కంపెనీనే కొంది. 2025 జూలై 1న 150 కోట్ల డాలర్ల ఒప్పందంతో లెక్స్‌మార్క్ దాని చేతికొచ్చింది. 1991లో ఐబీఎం టైపు మిషన్ల, ప్రింటర్ల విభాగం విడిపోయి పుట్టిన కంపెనీ అది. కుంచించుకుపోయే మార్కెట్లో ఇద్దరు కలిస్తే ఖర్చు తగ్గుతుందేమో గానీ పేజీలు పెరగవు, అప్పు మాత్రం పెరుగుతుంది. 1999లో షేరు 60 డాలర్లు దాటింది. 2017లో నాలుగు షేర్లను కలిపి ఒకటి చేశారు. 2025 చివరికి ఆ ఒక్కదాని ధర 5 డాలర్ల లోపే.