మీకు తెలుసా? పౌరుల చేతికి వచ్చిన టెలివిజన్

టెలివిజన్ ప్రసారము ధనిక సంస్థలకే సాధ్యమని లోకము నమ్ముచున్న కాలమున, 1971 జూలైలో, న్యూయార్కు నగరమందలి మన్‌హాటన్‌లో సామాన్య పౌరులకై ప్రత్యేక కేబుల్ ఛానళ్లు ప్రారంభమయ్యెనని మీకు తెలుసా?

కెనడా జాతీయ చలనచిత్ర సంస్థవారి ‘ఛాలెంజ్ ఫర్ ఛేంజ్’ కార్యక్రమమున అనుభవము గడించిన జార్జి స్టోనీ, రెడ్ బర్న్స్‌తో కూడి ఆ యేడే ఆల్టర్నేట్ మీడియా సెంటరును స్థాపించి, భుజమునకు తగిలించుకొనదగిన పోర్టపాక్ వీడియో యంత్రముతో చిత్రీకరణమును పౌరులకు నేర్పించెను.

1984 నాటి అమెరికా కేబుల్ చట్టము, స్థానిక ప్రభుత్వములు కేబుల్ కంపెనీలనుండి ఇట్టి ఛానళ్లను కోరుటకును, స్థూలాదాయములో 5 శాతమువఱకు రుసుము గ్రహించుటకును అధికారమొసగెను.

ముందు వచ్చినవారికి ముందు అవకాశమను నియమమున, ఇరుగుపొరుగువారి మొరయు, వలస కుటుంబముల భాషయు, పురపాలక సభల చర్చయు ఇంటింటి తెరకెక్కుటయే ఈ పౌర ఛానళ్ల మహోపకారము. తన ఊరి మాటను తానే చెప్పుకొనగల ప్రజయే స్వపరిపాలనకు మూలబలము.