పడవ ఇంజనులో పెట్రోలు ఒత్తిడి

పంజాగుట్ట నుండి అమీరుపేట వరకు మెట్రో స్తంభముల నీడలో బారులు తీరి కదలు మోటారు సైకిళ్ళను చూచునప్పుడు వాని లోపల జరిగిన ఒక మార్పు మన కంటికి కనిపించదు. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశములో భారత్ స్టేజి ఆరు నియమములు అమలులోనికి వచ్చినవి. నాటి నుండి తయారైన పెట్రోలు బండ్లలో దాదాపు అన్నిటను కార్బురేటరు పోయి ఇంజెక్షను పద్ధతి వచ్చినది. ఈ రెండు పేటల సందులలోని మెకానిక్కులు ఆ పద్ధతిని పని చేయుచునే నేర్చుకొనిరి. వారి నేర్పు తక్కువది కాదు. అయితే రోడ్డు మీద కుదిరిన అలవాటు నీటి మీద ఎట్లు మోసపుచ్చునో మేము ఒకమారు ప్రత్యక్షముగా చూచితిమి.

మా మిత్రునకు చెరువులో తిప్పు చిన్న మోటారు పడవ కలదు. వెనుక తగిలించు నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజను. అదియు ఇంజెక్షను పద్ధతిదే. ఒడ్డున చక్కగా మ్రోగును. నడిచెరువునకు చేరి వేగము పెంచినంతనే దగ్గి దగ్గి నిలిచిపోవును. ఆనాడు పడవలో ఆరుగురు, వారిలో ఇద్దరు పిల్లలు. గాలి ఒడ్డునుండి ఎదురుగా వీచుచున్నది. బండి ఆగినచో ప్రక్కకు నెట్టి నిలుపవచ్చును, పడవను నెట్టువాడెవడు? ఎట్లో ఒడ్డు చేరి, ఇంజనును విప్పి అమీరుపేటలోని ఒక దుకాణమునకు తెచ్చిరి. ఉస్తాదు సంగతి విని, "ఏమున్నది సాబ్, పంపు పోయింది, కొత్తది వేయాలె" అనెను. కొత్తది వేసిరి. దుకాణములోని డబ్బా నుండి పెట్రోలు పట్టించి, నీళ్ళ పీపాలో ఇంజనును నిలిపి నడిపిరి. చక్కగా నడిచినది. చెరువులో మరల ఆగినది. మరియొక పంపు వేసిరి. ఫలితము అదియే.

ఇందలి చిక్కు తెలియవలెనన్న ఇంజెక్షను పద్ధతిని కొంచెము తెలిసికొనవలెను. కార్బురేటరులో లోనికి పోవు గాలియే పెట్రోలును తనతో లాగుకొని పోవును. ఇంజెక్షనులో పంపు పెట్రోలును ఒక స్థిరమైన ఒత్తిడితో గొట్టములో నిలిపి యుంచును. ఇంజెక్టరు సెకనులో వెయ్యవ వంతులు కొన్ని మాత్రము తెరచుకొని మూతపడును. పెక్కు చిన్న ఇంజనులలో ఆ ఒత్తిడి సుమారు 3 బార్, అనగా చదరపు అంగుళమునకు 43 పౌనులు. సరియైన అంకె ఆ ఇంజను వెంట వచ్చిన పుస్తకములో ఉండును, దానినే నమ్మవలెను. ఇంజెక్టరు ఎంతసేపు తెరచి యుండవలెనో లెక్క వేయు కంప్యూటరుకు చాల చిన్న ఇంజనులలో ఒత్తిడిని కొలుచు సాధనము లేదు. ఒత్తిడి సరిగానే ఉన్నదని ఎంచి లెక్క వేయును. ఒత్తిడి నాలుగవ వంతు తగ్గినచో లోనికి పడు పెట్రోలు దాదాపు 13 శాతము తగ్గును. గాలికి తగినంత పెట్రోలు లేక ఇంజను దగ్గును.

మోటారు సైకిలులో పంపు సాధారణముగా ట్యాంకులోనే మునిగి యుండును. దానికి ముందు ఒక జల్లెడ తప్ప పెద్దగా ఏమియు లేదు. కావున పంపునే మొదట అనుమానించుట సహజము. పడవలో దారి పొడవు. ట్యాంకులోనికి గాలి పోవు సన్నని గొట్టము, పెట్రోలు పీల్చు గొట్టము, చేతితో పిసుకు రబ్బరు బుడ్డి, నీటిని వేరుచేయు ఫిల్టరు, పెట్రోలును లాగి తెచ్చు చిన్న పంపు, ఆవిరిని వేరుచేయు చిన్న తొట్టి. ఇవన్నియు దాటిన పిదప గాని ఒత్తిడి పంపు రాదు. దానికి పెట్రోలే అందనప్పుడు దానిని మార్చుట, బావిలో నీరు లేదని మోటారు మార్చినట్లుండును.

కనుక మొదటి పనిముట్టు పానా కాదు, ఒత్తిడి గేజి. అదియు బరువు మీద చూడవలెను. పీపాలో నెమ్మదిగా తిరుగు ఇంజను త్రాగు పెట్రోలు స్వల్పము. సగము పూడిన గొట్టము నుండి సైతము అంత వచ్చును, ముల్లు కదలదు. పూర్తి వేగములో ముల్లు పడిపోయినచో అప్పుడు వెనుకకు వెదకుకొనుచు పోవలెను. రబ్బరు బుడ్డి చప్పిడియై లోనికి నొక్కుకొని పోయినచో అడ్డు బుడ్డికిని ట్యాంకుకును నడుమ కలదు. ట్యాంకు మూత వదులు చేసినంతనే ముల్లు లేచినచో గాలి గొట్టము పూడినది. బుడ్డిని ఎంత పిసికినను గట్టిపడనిచో ఎచ్చటనో గాలి పట్టుచున్నది. ఈ దోషము మిక్కిలి దొంగది: పీల్చు గొట్టములోని చీలిక గాలిని లోనికి తీసికొనునే గాని పెట్రోలును బయటకు కార్చకపోవచ్చును, పైకి పొడిగానే ఉండును. పెట్రోలుకు తగిన పారదర్శకమైన గొట్టపు ముక్క నడుమ తగిలించినచో బుడగలు కనిపించును.

పంపు నిజముగా బలహీనమైనదో, లేక దానికి విద్యుత్తు చాలుటలేదో కూడ చూడవలెను. తడికి చిలుము పట్టిన కనెక్షను వలన పంపునకు 12 వోల్టులకు మారు 10 మాత్రమే అందవచ్చును. ఇంజను నడుచుచుండగా పంపు వద్దనే కొలువవలెను. ఒత్తిడి ఎక్కువగుట అరుదు. నల్లని పొగ, మసిపట్టిన ప్లగ్గు దాని గుర్తులు, నేరము రెగ్యులేటరుది.

నీటి సంగతి వేరు. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలిసినది. ఇథనాలు నీటిని తనలో కలుపుకొనును. హద్దు మీరినచో నీటితో కలిసి అడుగునకు దిగును. పీల్చు గొట్టము అడుగుననే కదా ఉండునది! ఫిల్టరులోనిది గాజు సీసాలో పోసి కొంతసేపు నిలిపినచో రెండు పొరలు తెలియును. పైన కొత్త పెట్రోలు పోయుట మందు కాదు. ట్యాంకును ఖాళీ చేయవలెను. నెలల తరబడి కట్టివేసిన పడవలకు ఈ బెడద ఎక్కువ.

గొట్టము విప్పుటకు ముందు ఒత్తిడిని తీసివేసి, బ్యాటరీని విడదీయవలెను. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువు. రోడ్డు మీద చెదరిపోవును గాని పడవ అడుగున గిన్నెలో నీటివలె నిలుచును. అగ్గిపుల్ల మాట అటుంచి, ఒక స్విచ్చి రవ్వ చాలును.

మూడవమారు ఉస్తాదునే చెరువుకు తీసికొనిపోయితిమి. గేజి తగిలించి, పడవను రేవునకు త్రాళ్ళతో బిగించి, వేగము పెంచితిమి. ముల్లు మెల్లగా దిగసాగినది. రబ్బరు బుడ్డి చప్పిడియైనది. ఉస్తాదు ట్యాంకు మూత త్రిప్పగా బుస్సుమని గాలి లోనికి పోయి, ముల్లు తిరిగి లేచినది. గాలి గొట్టపు మూతిలో కందిరీగ కట్టుకొన్న మట్టి గూడు! దుకాణపు డబ్బాకు ఆ గొట్టము లేదు గనుకనే అచ్చట ఇంజను అంత బుద్ధిగా నడిచినది. సన్నని తీగతో అయిదు నిమిషములలో గూడు ఊడివచ్చినది. తీసివేసిన మొదటి పంపును తరువాత గేజితో పరీక్షింపగా పుస్తకములోని ఒత్తిడినే చూపినది. అది ఇప్పుడు మా మిత్రుని అలమరలో అదనపు సామానుగా ఉన్నది.