కాపరి మాట వేరు, తల్లిదండ్రుల సంతకం వేరు

విశ్వవిద్యాలయం నుంచి వచ్చామంటూ ఇద్దరు ఇంటికొచ్చి, "మీ పాప ఎదుగుదల గురించి కొన్ని ప్రశ్నలు అడుగుతాం, ఎత్తు, బరువు చూస్తాం, ఈ కాగితం మీద సంతకం చేయండి" అంటే ఏం చేయాలి? మన సంఘాల్లో చాలా కుటుంబాలు ముందుగా కాపరినే అడుగుతాయి: "అయ్యగారూ, చేయమంటారా?" చేయమనో వద్దనో చెప్పేయడం తేలికే. అయితే ఆ తీర్మానం మనది కాదు. ఎందుకో ఈ వారం వివరించదలచాం.

ఇలాంటి పరిశోధనకు పెద్ద ఉదాహరణ మన తెలుగు నేల మీదే ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 'యంగ్ లైవ్స్' పేరుతో ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారతదేశాల్లో దాదాపు 12,000 మంది పిల్లల జీవితాలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. మన దేశంలో అందుకు ఎంచుకున్నది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ హైదరాబాదులోనూ సుమారు 3,000 కుటుంబాలు ఇందులో చేరాయి. వారిలో 2,000 మంది పిల్లలు 2001-02 ప్రాంతంలో పుట్టినవారు, 1,000 మంది 1994-95 ప్రాంతంలో పుట్టినవారు. హైదరాబాదులోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇందులో పాలుపంచుకున్నాయి.

2002లో మొదటిసారి వచ్చినవారు 2006, 2009, 2013, 2016లలో మళ్లీ అవే ఇళ్లకు వెళ్లారు. ఏడాది వయసులో చూసిన బిడ్డనే అయిదేళ్లకు, ఎనిమిదేళ్లకు, పన్నెండేళ్లకు, పదిహేనేళ్లకు చూశారు. ఎత్తు, బరువు కొలిచారు. చదువు, మాటల పరిజ్ఞానం పరీక్షించారు. తిండి, అప్పు, పని, బడి గురించి అడిగారు. ఒక్కసారి లెక్క తీస్తే ఎందరు పిల్లలు బక్కగా ఉన్నారో మాత్రమే తెలుస్తుంది. ఆ బక్కపిల్ల తర్వాత కోలుకుందా, కోలుకుంటే దేనివల్ల అన్నది తెలియాలంటే అదే పిల్ల దగ్గరికి మళ్లీ వెళ్లాలి. కుటుంబం వలస పోయినా వెతుక్కుంటూ వెళ్లేది అందుకే.

దీనివల్ల ఏం తేలింది? రెండు సంగతులు చెబుతాం. పసితనంలో కరవు దెబ్బతిన్న పిల్లలకు తర్వాత బడిలో మధ్యాహ్న భోజనం దొరికినప్పుడు వారి ఎదుగుదలలో పడిన లోటు పూడిందని ఈ కుటుంబాల వివరాలను బట్టే పరిశోధకులు చూపించారు. తొలి ఏళ్లలో పోయినది ఇక రాదనుకునేవారికి ఇది మంచి వార్త. రెండోది బాధాకరం. బడిలో గడిచిన వారంలో దెబ్బలు తిన్నామని మన ఎనిమిదేళ్ల పిల్లల్లో నాలుగింట మూడు వంతులకు పైగా చెప్పారు. బెత్తం లేనిదే క్రమశిక్షణ రాదనే పెద్దలు మన సండే స్కూళ్లలోనూ ఉన్నారు. వారంతా ఆలోచించవలసిన మాట ఇది.

కాబట్టి ఇలాంటి పరిశోధన అంటేనే అనుమానించనక్కరలేదు. అయితే సంతకం సంగతిలో అజాగ్రత్త ఎంత దూరం పోతుందో కూడా మనం ఇక్కడే చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకాను 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఇచ్చి చూసే ప్రాజెక్టు ఒకటి నడిచింది. అది ఎదుగుదల అధ్యయనం కాదు. టీకా మంచిచెడ్డలు వేరే చర్చ. అక్కడ బయటపడిన లోపం మాత్రం మనకు పాఠం: ఎన్నో అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2010లో ప్రభుత్వం ఆ ప్రాజెక్టును ఆపించింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. బిడ్డను కన్నవారికి ఏం జరుగుతున్నదో తెలియనేలేదు.

భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. ఏడేళ్లు దాటిన బిడ్డను కూడా అడగాలి: పన్నెండేళ్ల లోపు వారు నోటితో ఒప్పుకుంటే చాలు, ఆపైన పద్దెనిమిదేళ్ల వరకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. చదువురాని తల్లి వేలిముద్ర వేస్తే, పరిశోధనతో సంబంధం లేని, చదువు వచ్చిన సాక్షి ఒకరు పక్కన ఉండాలి. చేరాక ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకున్నందుకు ఏ నష్టమూ జరగకూడదు.

కాపరులకు ఒక మాట. పరిశోధకులు ఊళ్లోకి వస్తే ముందు మన గడప తొక్కడం సహజం. పరిచయం చేయవచ్చు, సాక్షిగా కూర్చోవచ్చు, కాగితం చదివి వినిపించవచ్చు. వేదిక మీద నుంచి "అందరూ చేరండి" అని ప్రకటిస్తే మాత్రం ఆ తల్లికి కాదనే దారి మూసేసినట్టే. మన మీద గౌరవంతో ఊపిన తలను అనుమతిగా లెక్కించరాదు.

తల్లిదండ్రులారా, సంతకానికి ముందు తీరిగ్గా అడగండి. మీరు ఏ విశ్వవిద్యాలయం వారు? ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందా? ఎన్నిసార్లు వస్తారు, ఎంతసేపు పడుతుంది? రక్తం తీస్తారా? మా పేర్లు ఎవరికి తెలుస్తాయి? వివరాల పత్రం తెలుగులో మాకొకటి ఇస్తారా? ఇళ్ల స్థలమో పింఛనో వస్తుందని ఆశపడి చేరవద్దు. పరిశోధకులు వాటిని ఇచ్చేవారు కారు. ఎవరైనా అలా ఆశ చూపితే అక్కడే ఆగండి. నచ్చని ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు మీకుంది.

బబులోనులో దానియేలు పది దినాల పరీక్షకు ఒప్పుకున్న తీరు గుర్తుచేసుకోండి. శాకాహారమూ నీళ్లూ ఇచ్చి తమను ఇతర యువకులతో పోల్చి చూడమని అతడే అడిగాడు. ఏం జరుగుతుందో, ఎన్నాళ్లు జరుగుతుందో, చివర ఏం చూస్తారో అతనికి ముందే తెలుసు. బందీగా ఉన్న యువకుడికే అంత తెలిసినప్పుడు, స్వతంత్ర దేశంలోని తల్లికి అంతకంటే తక్కువ తెలియడం న్యాయం కాదు.

అన్నీ తెలుసుకుని అవునన్న కుటుంబం, తాను ఎన్నడూ చూడని పిల్లలకు మేలు చేస్తుంది. అన్నీ తెలుసుకుని వద్దన్న కుటుంబం కూడా ఏ తప్పూ చేయలేదు. సంఘంలో ఆ రెండు కుటుంబాలకూ ఒకే మర్యాద దక్కాలి.