ఒకే మనిషి, అయిదు బంగారు పతకాలు

మీ పాఠశాలలో జరిగే ఆటల పోటీలను ఒకసారి గుర్తు చేసుకోండి. 100 మీటర్ల పరుగులో మొదట వచ్చిన విద్యార్థే 5,000 మీటర్ల పరుగులోనూ మొదట వస్తాడా? సాధారణంగా రాడు. మొదటిదానికి మెరుపు వేగం కావాలి, రెండవదానికి అలుపు ఎరుగని ఓర్పు కావాలి. రెండూ ఒకే శరీరంలో ఉండటం అరుదు.

అలాంటి అరుదైన మనిషి ఎరిక్ హైడెన్. 1958లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్ నగరంలో పుట్టాడు. 1980 ఫిబ్రవరిలో లేక్ ప్లాసిడ్ అనే చిన్న ఊరిలో శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగాయి. వాటిలో పురుషుల స్పీడ్ స్కేటింగ్ పోటీలు అయిదు: 500, 1,000, 1,500, 5,000, 10,000 మీటర్లు. అయిదింటిలోనూ బంగారు పతకం హైడెన్‌దే! అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరాలు. ఇది ఎలా సాధ్యమయింది? మనకు తెలిసిన భౌతిక, జీవశాస్త్రాల సాయంతో ఆలోచిద్దాం.

మంచుగడ్డ ఎందుకు జారుతుంది?

స్కేటర్ బూటు అడుగున సన్నని, పొడవైన ఉక్కు బద్ద ఉంటుంది. దాని మీద నిలబడి మంచుగడ్డపై జారుతాడు. చాలా కాలం మేము తరగతిలో ఇలా చెప్పేవాళ్లం: "సన్నని బద్ద మీద మనిషి బరువంతా పడటం వల్ల పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగితే మంచు ద్రవీభవన స్థానం తగ్గుతుంది. అందుచేత మంచు కరిగి, నీటి పొర ఏర్పడుతుంది."

ఈ మాటలో కొంత నిజం ఉన్నా, లెక్క కుదరదు. ద్రవీభవన స్థానం ఒక్క డిగ్రీ తగ్గాలంటే వాతావరణ పీడనానికి సుమారు 130 రెట్ల పీడనం కావాలి. కాని సున్నాకు పది డిగ్రీలు దిగువన ఉన్న మంచు మీద కూడా స్కేటర్లు హాయిగా జారుతారు. అసలు కారణాలు వేరే ఉన్నాయి. మంచుగడ్డ లోపలి అణువులను అన్ని వైపులా ఇరుగుపొరుగు అణువులు పట్టి ఉంచుతాయి. ఉపరితలంలోని అణువులకు పైన ఏ పట్టూ లేదు. అందుచేత అవి వదులుగా కదులుతుంటాయి. దీనికి తోడు బద్ద రాపిడి వల్ల పుట్టే వేడి ఆ పైపొరను మరింత మెత్తబరుస్తుంది. అందుకే ఘర్షణ అతి స్వల్పం.

ఘర్షణ లేకపోతే ముందుకు నెట్టుకోవడం ఎలా? నడిచేటప్పుడు మనం నేలను వెనక్కి తోస్తాం. స్కేటర్ అలా వెనక్కి తోస్తే బద్ద వెనక్కే జారిపోతుంది. అందుకని అతడు కాలిని పక్కకు తోస్తాడు. బద్ద పొడవునా జారుతుంది కాని, అడ్డంగా జారదు. దాని అంచు మంచులో పట్టు దొరికించుకుంటుంది. న్యూటన్ మూడవ నియమం ప్రకారం మంచు అతనిని తిరిగి తోస్తుంది. బద్ద కొద్దిగా ఏటవాలుగా ఉంటుంది కనుక ఆ తోపులో కొంత భాగం అతనిని ముందుకు నడుపుతుంది.

అసలు శత్రువు గాలి

ఎదురుగాలిలో సైకిలు తొక్కిన వారికి గాలి బలం తెలుసు. వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. అంటే నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సామర్థ్యం అంటే బలాన్ని వేగంతో గుణించగా వచ్చేది కదా! కాబట్టి గాలిని ఎదిరించడానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. రెట్టింపు వేగానికి ఎనిమిది రెట్ల సామర్థ్యం కావాలన్నమాట.

ఇప్పుడు హైడెన్ కాలాలు చూడండి. 500 మీటర్లు 38.03 సెకన్లలో, 10,000 మీటర్లు 14 నిమిషాల 28.13 సెకన్లలో ముగించాడు. లెక్క కడితే మొదటిదానిలో సగటు వేగం గంటకు సుమారు 47 కిలోమీటర్లు, రెండవదానిలో సుమారు 41.5 కిలోమీటర్లు. దూరం ఇరవై రెట్లయినా వేగంలో తేడా ఇంతేనా అనిపిస్తుంది. తొందరపడకండి. మొదటి వేగం రెండవదానికి సుమారు 1.14 రెట్లు. 1.14 ఘనం దాదాపు 1.5. అంటే ఆ చిన్న తేడాకు ఒకటిన్నర రెట్ల సామర్థ్యం కావాలి!

ఈ గాలిని ఓడించడానికి స్కేటర్ నడుము వంచి, మోకాళ్లు బాగా మడిచి, గాలికి తగిలే శరీర భాగాన్ని తగ్గిస్తాడు. ఈ పోటీలలో ఇద్దరేసి చొప్పున, వేరువేరు బాటలలో సాగుతారు. గెలుపును గడియారం నిర్ణయిస్తుంది. కాబట్టి మరొకరి వెనుక నక్కి గాలి తప్పించుకునే వీలు చాలా తక్కువ.

గోడకుర్చీ పరీక్ష

వంగడం ఏమంత కష్టం అంటారా? గోడకుర్చీ వేసి చూడండి. ఒక నిమిషం గడిచేసరికి తొడలు మండిపోతాయి. కండరాలు ఎడతెగకుండా బిగిసి ఉంటే వాటిలోని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం తగ్గితే ఆక్సిజన్ తగ్గుతుంది, కండరాలు అలసిపోతాయి. హైడెన్ 400 మీటర్ల బాట చుట్టూ 25 సార్లు, పద్నాలుగు నిమిషాలకు పైగా ఆ భంగిమలోనే సాగాడు!

మన కండరాలలో ముఖ్యంగా రెండు రకాల తంతువులుంటాయి. త్వరగా బిగిసే తంతువులు గొప్ప బలం ఇస్తాయి, కాని త్వరగా అలసిపోతాయి. నెమ్మదిగా బిగిసేవి ఆక్సిజన్ సాయంతో చాలాసేపు పనిచేస్తాయి. 500 మీటర్లకు మొదటివి, 10,000 మీటర్లకు రెండవవి ముఖ్యం. హైడెన్ రెండింటినీ సానబెట్టాడు. శిక్షకురాలు డయాన్ హోలమ్, తాను కూడా 1972 ఒలింపిక్ విజేత, అతనిని తీర్చిదిద్దింది. మంచు లేని వేసవిలోనూ అతడు సైకిలు తొక్కాడు, బరువులెత్తాడు.

1976 ఒలింపిక్ క్రీడలలో అతనికి 1,500 మీటర్లలో ఏడవ స్థానం, 5,000 మీటర్లలో పందొమ్మిదవ స్థానం మాత్రమే దక్కాయని మరచిపోకండి. అక్కడి నుంచి నాలుగేళ్లలో శిఖరానికి చేరాడు.

ఆ శిఖరం మీద కూడా కాలు జారింది. 1980లో 1,500 మీటర్ల పోటీ మధ్యలో అతడు తూలి, పడబోయి నిలదొక్కుకున్నాడు. అయినా రెండవ వానికంటే సెకనుకు పైగా ముందున్నాడు. 10,000 మీటర్ల పోటీకి ముందురోజు రాత్రి తమ దేశం, సోవియట్ యూనియన్ ఆడిన హాకీ ఆట చూసి, తెల్లవారి ఆలస్యంగా నిద్రలేచాడు. అయినా పాత ప్రపంచ రికార్డును ఆరు సెకన్లకు పైగా తగ్గించాడు!

ఆ తరువాత?

ఆ సంవత్సరమే స్కేటింగ్ పోటీల నుంచి తప్పుకున్నాడు. సైకిలు పోటీలలో చేరి 1985లో అమెరికా జాతీయ వృత్తి పోటీ గెలిచాడు. 1986లో టూర్ డి ఫ్రాన్స్‌లో పాల్గొని, కొండ దిగుతూ పడి, చివరిదాకా సాగలేకపోయాడు. వైద్యం చదివి 1991లో పట్టా పొందాడు. తండ్రి లాగే ఎముకల శస్త్రవైద్యుడయ్యాడు. అమెరికా స్కేటింగ్ జట్టుకు వైద్యునిగానూ పనిచేశాడు.

1990ల చివరలో మడమ వద్ద విడివడే కొత్త రకం బద్దలు వచ్చాయి. కప్పు ఉన్న మంచు మైదానాలు పెరిగాయి. అతని రికార్డులన్నీ చెరిగిపోయాయి. రికార్డులు చెరగడం సహజం. కాని గాలి నియమం మారదు, గోడకుర్చీ మంటా మారదు. ఆ రెండింటినీ తొమ్మిది రోజులలో అయిదుసార్లు జయించాడు కనుకనే హైడెన్‌ను ఇంకా తలచుకుంటున్నాం.

మీకొక లెక్క: మీరు గంటకు 10 కిలోమీటర్ల వేగంతో సైకిలు తొక్కుతున్నారు. వేగాన్ని 15 కిలోమీటర్లకు పెంచితే, గాలిని ఎదిరించడానికి ఎన్ని రెట్ల సామర్థ్యం కావాలి? కాగితం, పెన్సిలు తీసుకోండి.