శిక్షణకు చోటుంది, బసకు సొమ్మేదీ?

న్యూఢిల్లీ: డిగ్రీ పట్టాతోపాటు ఇంటర్న్‌షిప్ ధ్రువపత్రం కూడా ఉద్యోగార్హతగా మారిన ఈ కాలంలో దేశ రాజధాని ప్రాంతం విద్యార్థులకు ప్రధాన గమ్యమైంది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, పరిశోధన సంస్థలు, జాతీయ వార్తాసంస్థలు, నోయిడా, గురుగ్రామ్‌లలోని సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఒకే ప్రాంతంలో కేంద్రీకృతం కావడమే ఇందుకు కారణం. అయితే ఈ అవకాశం ఏ వర్గాల వారికి అందుతోందన్న ప్రశ్న ఉత్పన్నమవుతోంది.

యువతకు, సాంకేతిక పరిజ్ఞానానికి గల సంబంధంపై జరిగిన రెండు ప్రసిద్ధ ప్రయోగాలకు ఢిల్లీ వేదిక అయింది. ఎన్.ఐ.ఐ.టి.లో పనిచేస్తున్న సుగత మిత్రా 1999 జనవరిలో కల్కాజీలోని సంస్థ కార్యాలయం గోడకు రంధ్రం చేయించి, పక్కనున్న మురికివాడ వైపు తెర కనిపించేలా ఒక కంప్యూటర్‌ను అమర్చారు. బోధకులెవరూ లేకుండానే అక్కడి బాలలు దానిని వాడటం నేర్చుకున్నారు.

2001లో సి.ఎస్.డి.ఎస్.కు చెందిన 'సరాయ్' విభాగం, 'అంకుర్' స్వచ్ఛంద సంస్థ కలిసి 'సైబర్ మొహల్లా' కార్యక్రమాన్ని ప్రారంభించాయి. ఎల్.ఎన్.జె.పి. బస్తీ, దక్షిణపురి వంటి ప్రాంతాల యువతీయువకులు అక్కడి చిన్న కంప్యూటర్ కేంద్రాలలో ఛాయాచిత్రాలు, శబ్దాలు, రాతల ద్వారా తమ వాడల జీవితాన్ని నమోదు చేశారు. యమునా తీరాన గల నంగ్లా మాంచీ బస్తీని 2006లో కూల్చివేసినప్పుడు ఆ కార్యక్రమంలోని యువత ఆ పరిణామాలను అక్షరబద్ధం చేసింది. వారి రచనలు 2007లో 'బహురూపియా శహర్' పేరిట హిందీ గ్రంథంగా వెలువడ్డాయి.

ఈ రెండు సందర్భాలలోనూ కంప్యూటరే బస్తీకి చేరిందన్నది గమనార్హం. నేటి ఇంటర్న్‌షిప్ పద్ధతిలో విద్యార్థే శిక్షణను వెతుక్కుంటూ నగరానికి చేరవలసి వస్తోంది. నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్‌ను పారితోషికం లేని ప్రాతిపదికన రూపొందించగా, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐ.టి. శాఖ తన పథకంలో నెలకు 10,000 రూపాయలు నిర్ణయించింది. శిక్షణ ఒకటే అయినా, ఇల్లు ఢిల్లీలో ఉన్న విద్యార్థికి, శ్రీకాకుళం లేదా ఆదిలాబాద్ నుంచి వచ్చి అద్దె గదిలో ఉండే విద్యార్థికి దాని ఖరీదు ఒకటి కాదు.

2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా ఆరంభమైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం అనుభవం ఇదే అంశాన్ని స్పష్టం చేస్తోంది. నెలకు 5,000 రూపాయల భృతి, ఒకేసారి 6,000 రూపాయల సహాయం ఇందులో పొందుపరిచారు. తొలి విడతలో కంపెనీలు 1.27 లక్షల అవకాశాలు ప్రకటించి, 82,000కు పైగా ప్రతిపాదనలు పంపాయి. సుమారు 28,000 మంది అంగీకారం తెలుపగా, చివరకు చేరినవారు దాదాపు 8,700 మంది మాత్రమే. శిక్షణ స్థలం దూరంగా ఉండటం, ఏడాది కాలవ్యవధి ప్రధాన అవరోధాలుగా తేలాయి.

చట్టపరమైన రక్షణ కూడా అంతంతమాత్రమే. అప్రెంటిస్‌లకు 1961 నాటి చట్టం భృతికి హామీ ఇస్తుండగా, ఇంటర్న్‌లకు అటువంటి ప్రత్యేక చట్టం లేదు. మరోవైపు నూతన విద్యా విధానం 2020 ఇంటర్న్‌షిప్‌లకు ప్రాధాన్యం కల్పించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను సవరించి, 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. తప్పనిసరి చేసిన శిక్షణకు తగిన భృతిని కూడా తప్పనిసరి చేయడం న్యాయం.

డిజిటల్ మాధ్యమాలకు సంబంధించిన పనిలో అధికభాగం దూరం నుంచే నిర్వర్తించదగినది. జిల్లా కేంద్రాల కళాశాలలను ఢిల్లీ పరిశోధన సంస్థలతో అనుసంధానించడం, వేసవిలో ఖాళీగా ఉండే విశ్వవిద్యాలయ వసతిగృహాలను ఇంటర్న్‌లకు కేటాయించడం వంటి చర్యలకు భారీ వ్యయం అవసరం లేదు. వాటిని చేపట్టనంతకాలం ఇంటర్న్‌షిప్ అవకాశాన్ని విద్యార్థి ప్రతిభకన్నా తల్లిదండ్రుల ఆర్థిక స్తోమతే నిర్ణయిస్తుంది.