బిందెల లెక్కతో వేసవి పెరటి తోట



సంక్రాంతి దాటిన పిదప మన అనంతపురం సీమలో పెరటివైపు చూచువారు తక్కువ. వేరుశనగ ఇల్లు చేరినది, కల్లము ఊడ్చినాము, ఇక ముంగారు వాన పడువరకు నేలకు సెలవు అనుకొనుట మన అలవాటు. కాని చేతిలోని డబ్బు తరుగునది, సంతలో కూరగాయల ధర పెరుగునది ఈ నెలలలోనే. అప్పుడు ఇంటిల్లిపాది సంకటి, ఊరుబిండితో సరిపెట్టుకొందురు. పిల్లలకు, గర్భిణీ స్త్రీలకు ఇది చాలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో, ఒక మనిషి దినమునకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినవలెనని చెప్పినది. అంత కొనగల ఇండ్లు మన పల్లెలలో ఎన్ని? కొనలేనప్పుడు కొంతయైనను పండించుకొనుటే మార్గము.

"త్రాగుటకే నీరు లేదు, తోటకు ఎక్కడిది?" అని మీరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. 2022లో రెండు జిల్లాలుగా విడిన ఈ ప్రాంతమున ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. అందులో అధిక భాగము జూన్, నవంబరు నెలల నడుమ పడిపోవును. కాబట్టి వేసవి తోటకు వాన నీటిని నమ్మరాదు. ఇంటిలో వాడి పారబోయు నీటినే నమ్మవలెను.

నీటి లెక్క

విత్తనము కొనుటకు ముందు ఈ పని చేయండి. స్నానము చేసిన నీరు, బియ్యము, కూరలు, గిన్నెలు కడిగిన నీరు మూడు దినములు ఒక తొట్టిలో పట్టి, దినమునకు ఎన్ని బిందెలు వచ్చినవో చూడండి. బిందె అనగా ఇక్కడ 15 లీటర్లు.

మూడు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు గల మడికి ఫాల్గుణములో దినమునకు ఒక బిందె చాలును. చైత్ర వైశాఖములలో ఎండ ముదిరి, వడగాలి వీచునపుడు అదే మడికి బిందెన్నర కావలెను. పందిరి పాదు ఒక్కింటికి కాపు సమయమున ముప్పాతిక బిందె పట్టును. ఆరు బిందెల నీరు వచ్చు ఇంటివారు మూడు మడులు, రెండు పాదులు పెట్టుకొనవచ్చును. అంతకు మించరాదు.

ఈ లెక్క నేను నష్టపడి నేర్చుకొన్నది. ఉద్యోగములో చేరిన తొలి ఏడు, కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో, బోరు నిండుగా పోయుట చూచి ఒక ఇంటివారిచేత పది మడులు వేయించితిని. ఏప్రిల్ నెలలో బోరు ఎండినది. బెండ పూత మీద ఉన్నది. ఆ ఇల్లాలు వారము దినములు దూరపు కుళాయి నుండి బిందెలు మోసి, ఇక చేతకాక విడిచిపెట్టినది. పది మడులకు బదులు మూడే వేయించియుంటే ఆమె శ్రమ వృథా కాకపోవును. అందుచేత మాఘమాసపు నీటిని చూచి మడులు వేయకండి. వైశాఖమాసపు నీటిని తలచుకొని వేయండి.

బట్టలు ఉతికిన సోడా, సబ్బు నీటిని కూరమడులకు పోయరాదు, నేల చవుడుబారును. వంటింటి నీటిని సయితము ఆకుల మీద చల్లక మొదళ్ళలోనే పోయవలెను.

నేల తయారు

మన ఎఱ్ఱనేల పలుచనిది. తడిసి ఆరిన పిదప పైన పెచ్చు కట్టును. మడిని జానెడున్నర లోతు గడ్డపారతో త్రవ్వి, రాళ్ళు ఏరి, బాగుగా మాగిన దిబ్బ ఎరువు మూడు గంపలు, దొరికినచో చెరువు మట్టి రెండు గంపలు కలుపవలెను. పచ్చి పేడ వేసినచో చెదలు పట్టును. మడి గట్టుకన్న బెత్తెడు పల్లముగా ఉండవలెను. ఎత్తు మడి వానకాలమునకు మంచిది. వేసవిలో పల్లపు మడియే నీటిని నిలుపును.

మొలకలు బెత్తెడు ఎదిగిన పిదప సాళ్ళ నడుమ వేరుశనగ పొట్టు రెండంగుళముల మందమున పరచండి. ఎండ నేలకు తగులదు, తేమ నిలుచును, కలుపు అణగును. వేరుశనగ కట్టెను మాత్రము పశువులకే ఉంచండి. మేకలు, కోళ్ళు చొరకుండ చుట్టును ముళ్ళకంప నాటవలెను.

ఏమి వేయవలెను? ఎప్పుడు?

శివరాత్రికి చలి శివశివా యని పోవునని సామెత. బెండ, సొర, కాకర విత్తనములు చలిలో సరిగా మొలవవు. కనుక నేలను మాఘములో సిద్ధపరచి, శివరాత్రి వెళ్ళిన వెంటనే విత్తవలెను.

మొదటి మడిలో తోటకూర, గోంగూర. మడినంతయు ఒకేసారి చల్లక మూడు భాగములు చేసి, పది దినములకొక భాగము చల్లండి. తోటకూర 25, 30 దినములలో కోతకు వచ్చును. ఉగాది నాటికి ఇంటి ఆకు ఇంటిలోనే ఉండును.

రెండవ మడిలో బెండ. గింజలను ఒక రాత్రి నానబెట్టి, 45 సెంటీమీటర్ల ఎడముతో రెండు సాళ్ళు, సాలులో 20 సెంటీమీటర్లకు ఒక మొక్క నిలుచునట్లు విత్తండి. సుమారు 45 దినములకు కాయ తెగును. దినము విడిచి దినము కోయవలెను. ముదిరిన కాయ చెట్టున ఉన్నచో కాపు తగ్గును.

మూడవ మడిలో గోరుచిక్కుడు. ఎండకు ఓర్చుటలో దీనికి సాటి తక్కువ. నీరు ఒక పూట తప్పినను ఇది నిలుచును.

టమాటాను ఈ కాలమున క్రొత్తగా నాటకండి. ఎండ మిక్కుటమైనపుడు పూత రాలును గాని పిందె నిలువదు.

పాదులు, పాతిన కుండ

మడులకు పడమటి దిక్కున మూరెడు లోతు గుంటలు రెండు తీసి, ఒకదానిలో సొర, ఒకదానిలో కాకర పెట్టండి. నాలుగైదు గింజలు వేసి, మొలచిన పిదప రెండు బలమైన మొక్కలు ఉంచవలెను. పందిరి అల్లుకొన్న తరువాత సాయంత్రపు ఎండ మడులపై పడకుండ కాచును.

గుంట నడుమ మూతి పైకి ఉండునట్లు ఒక మట్టికుండను పాతి, నీటితో నింపి మూత పెట్టండి. నూనె, రంగు పూయని కుండ కావలెను. నీరు గోడల గుండ ఊరి వేళ్ళకు అందును. ఆవిరియై పోవునది తక్కువ. చైనాలో రెండువేల ఏండ్లకు పూర్వమే ఫాన్ షెంగ్‌జీ తన వ్యవసాయ గ్రంథమున ఈ పద్ధతిని చెప్పియున్నాడు. కుండకు తేట నీరే పోయవలెను. జిడ్డు నీరు పోసినచో రంధ్రములు పూడును.

సొరకు మొదట వచ్చునవి మగపూలు. అవి రాలుట చూచి దిగులు పడనక్కరలేదు. ఆడపూవు క్రింద చిన్న పిందె కనిపించును. సాయంత్రము పూలు విచ్చిన పిదప మగపూవును కోసి ఆడపూవునకు తాకించినచో పిందె నిలుచును.

తెగుళ్ళు, పురుగులు

బెండ ఆకు ఈనెలు పసుపుపచ్చగా మారినచో మందు లేదు. ఆ మొక్కను వెంటనే పెరికివేయవలెను. తెల్లదోమ ఆ తెగులును ప్రక్క మొక్కకు చేర్చును. దోమకు, పేనుకు వేపగింజల కషాయము చాలును: అరకిలో వేపపప్పు పొడిని గుడ్డలో కట్టి పది లీటర్ల నీటిలో రాత్రి నానబెట్టి, పిండి, వడకట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంత్రము చల్లండి. పండుఈగ కుట్టి కుళ్ళిన కాకర పిందెలను ఏరి లోతుగా పాతిపెట్టండి. దినము విడిచి దినము కోసి తిను కూరపై విషపు మందులు చల్లరాదు.

గ్రామోద్యోగులకు ఒక మాట

కుళాయి, చేతిపంపుల చుట్టు నిలుచు నీరు ఊరికి బురద, దోమలు తప్ప ఏమియు నీయదు. ఒక చిన్న కాలువ తీయించి దానిని పాఠశాల, అంగన్‌వాడి ఆవరణలోని మునగ, కరివేపాకు, అరటి పాదులకు మళ్ళించవచ్చును. ఆ పాదుల మునగాకు పిల్లల పప్పులోనికి వచ్చును.

సోదరులారా, మూడు మడులు, రెండు పాదులు అర సెంటు స్థలమునకు మించవు. వీటితో ఎవరును ధనవంతులు కారు. కాని వైశాఖములో ఊరి బోరు ఎండిననాడు కూడ మీ ఇంటి కంచములో కూర ఉండును. ఈ మాఘములోనే బిందెలు లెక్కించండి. ఆ లెక్కలో ఇంటి ఆడవారి మాటయే తుది మాట కావలెను. నీరు మోయువారు వారే గదా!