పందిరి క్రింద పంట

మన చందాపుర ఆనేకల్ తాలూకాలో, బెంగుళూరు నుండి హోసూరునకు పోవు రాజమార్గముపై నున్నది. ఒకప్పుడు రాగియు, అనుములును పండిన చేలలో నేడు ఇండ్లును, కర్మాగారములును లేచుచున్నవి. పది యిరువది గుంటల నేల మాత్రమే మిగిలిన కుటుంబము లిచ్చట కలవు. ఇంత కొద్ది నేల ఒక సంసారమును పోషింపగలదా? ఈ ప్రశ్నకు కొందరు రైతులు చూపు సమాధానమే పాలీహౌసు. దానిని గూర్చి తోడి విద్యార్థులకు కొంత తెలుపదలచితిమి.

పాలీహౌసనగా ఎత్తైన పందిరి. ఇనుపగొట్టముల చట్రముపై 200 మైక్రాన్ల మందముగల పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను కప్పుదురు. ప్రక్కలకు అంగుళమునకు 40 కన్నులుగల సన్నని వల కట్టుదురు. కప్పు నడుమ గాలి వెడలుటకు మార్గ ముంచుదురు. వేడిగాలి తేలికయై పైకెగయును గనుక, పందిరి ఎంత ఎత్తైన మొక్కకు అంత సుఖము.

చలిదేశములవారు ఇట్టి గృహములను వెచ్చదనమునకై కట్టుకొందురు. మన ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నుండుటచే ఇచ్చట తీవ్రమైన చలియు లేదు, తీవ్రమైన యెండయు లేదు. మన శత్రువులు వేరు. అకాలవర్షమున ఆకు తడిసి తెగులు పుట్టును. తెల్లదోమయు, తామరపురుగును వైరసు రోగములను మోసికొని వచ్చును. పొర వానను ఆపును, వల పురుగును కొంతవరకు అడ్డగించును. కాని వల తేనెటీగను గూడ రానీయదు. బుంగమిరప, టమాటాలు తమ పుప్పొడితోనే కాయును గనుక వానికి చిక్కు లేదు. కీరదోస వేయువారు మాత్రము పరాగసంపర్కము లేకయే కాయు రకములను ఎంచుకొనవలెను.

మన పొరుగు కన్నడిగులు దొణ్ణె మెణసినకాయి యని పిలుచు బుంగమిరపయే ఈ పందిళ్లలో ముఖ్యమైన పంట. నారు 30, 35 దినములు పెరిగిన పిదప, 90 సెంటీమీటర్ల వెడల్పుగల ఎత్తుమడులపై నాటుదురు. కొమ్మలను దారములతో పైకట్టి, బిందుసేద్యముతో నీరును, ఎరువును అందింతురు. పంట తొమ్మిది పది నెలలు నిలుచును. చక్కగా సాగుచేసినచో హెక్టారునకు 80 నుండి 100 టన్నుల వరకు దిగుబడి రాగలదు. అనగా పది గుంటలకు ఎనిమిది టన్నులకు తక్కువ కాదు. 1967లో స్థాపితమై, హెసరఘట్టలో నున్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇట్టి సాగును గూర్చి రైతులకు బోధించుచున్నది.

ఇక నీటి మాట. 2022లో జాతీయ హరిత న్యాయాధికరణము చందాపుర చెరువు కలుషితమైనందులకు రాష్ట్రప్రభుత్వము 500 కోట్ల రూపాయలు చెల్లింపవలెనని ఆదేశించెను. చెరువునీరు చెడిన చోట కూరగాయ నెట్లు పెంచుట? జవాబు పందిరి కప్పుననే కలదు. లెక్క కట్టి చూతము. పది గుంటలు రమారమి 1000 చదరపు మీటర్లు. ఏడాదికి 90 సెంటీమీటర్ల వాన కురిసిన, కప్పుపై 9 లక్షల లీటర్లు పడును. అందు రెండు లక్షలు నష్టమైనను ఏడు లక్షలు మిగులును. దినమునకు చదరపు మీటరునకు రెండున్నర లీటర్ల వంతున 270 దినములకు పంటకు కావలసినది 6 లక్షల 75 వేల లీటర్లు మాత్రమే! వానలు పడునప్పుడు కొంత వాడుకొని, మిగిలినది కుంటలో నిలువచేసిన చాలును.

అయినను ఇది అల్లావుద్దీను దీపము కాదు. చదరపు మీటరునకు సుమారు వేయి రూపాయల పెట్టుబడి కావలెను. ప్రభుత్వ సహాయధనము లభించినను, మిగిలినది అప్పే యగును. పొర కొన్ని యేండ్లకు చివికిపోవును. ఒకే పంట మరల మరల వేసిన వేళ్లకు నులిపురుగు పట్టును. అందుచే పంట మార్చుటయు, వేపపిండి వేయుటయు అవసరము. అన్నిటికంటె పెద్ద గండము ధర. కాయ కోసిన దినమున బజారు పడిపోయిన, పందిరి రైతును కాపాడజాలదు. కావున అమ్ముచోటు విచారించిన పిమ్మటనే పందిరి కట్టుట మంచిది.

విద్యార్థులారా! మీ తల్లిదండ్రులకు పొలమున్నచో, ఈ లెక్కను వారి యెదుట వేసి చూపుడు. మనము నేర్చిన గణితము, విజ్ఞానశాస్త్రము పరీక్షలకే గాక ఇంటి పొలమును నిలుపుకొనుటకు గూడ ఉపకరించును గదా!